కొత్త ఐరన్లు కొనే ముందు: మిడ్, హై హ్యాండిక్యాప్ ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గోల్ఫ్ మొదలుపెట్టి ఏడాది రెండేళ్లు గడిచి, బంతి నమ్మకంగా గాల్లోకి లేవడం మొదలయ్యాక దాదాపు అందరి చూపూ బ్యాగులోని పాత ఐరన్ల (సన్నటి లోహపు తల, అంకె ఉండే క్లబ్బుల) మీద పడుతుంది. గోల్కొండ కోట దగ్గరి నయా ఖిల్లా కోర్సులో ఆడేవారికైనా, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడేవారికైనా, డాలస్, ఫ్రిస్కో వైపు ఉద్యోగం చేస్తూ శనివారం పొద్దున్నే పబ్లిక్ కోర్సుకు వెళ్లే మనవాళ్లకైనా వచ్చే సందేహాలు దాదాపు ఇవే. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె, తగ్గేకొద్దీ ఆట మెరుగు) సుమారు 13 నుంచి 30 మధ్య ఉండి, ఆట మెరుగవుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను.

నా హ్యాండిక్యాప్ 22. ఐరన్లు మారిస్తే స్కోరు తగ్గుతుందా?

ఇప్పుడున్నవి మీ ఎత్తుకూ మీ స్వింగ్‌కూ సరిపడనివైతే తప్పకుండా తేడా తెలుస్తుంది. సరిపడేవే అయితే తేడా తక్కువ. అప్పుడు అదే డబ్బులో కొంత కోచ్ దగ్గర పాఠాలకు పెట్టమనే చెబుతాను.

ఏది మీ పరిస్థితో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. రాబోయే కొన్ని రౌండ్లలో గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) వైపు కొట్టే ప్రతి ఐరన్ షాట్‌కూ స్కోర్ కార్డు మీదే ఒక గుర్తు పెట్టుకోండి: బంతి గ్రీన్‌కు ముందే ఆగిందా, దాటిపోయిందా, ఎడమకు వెళ్లిందా, కుడికి వెళ్లిందా. మన స్థాయిలో ఎక్కువమందికి బంతి ముందే ఆగిపోతుంది. కారణం రెండే. బంతి ఫేస్ (క్లబ్ తలలో బంతికి తగిలే వైపు) మధ్యలో తగలదు, లేదా ఎప్పుడో ఒకసారి అద్భుతంగా తగిలిన షాట్‌ను తమ మామూలు దూరం అనుకుని క్లబ్ ఎంచుకుంటారు. మొదటిదానికి కొత్త ఐరన్లు సాయం చేస్తాయి. రెండోదానికి ఏ కంపెనీ ఐరనూ సాయం చేయలేదు.

ఇప్పటి ఆటకు సరిపోయేవి కొనాలా, ఏడాది తర్వాత నాకు రాబోయే ఆటకు సరిపోయేవా?

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే.

ఆట మెరుగవుతున్నవారికి షాపులో ఒక ఆలోచన తప్పకుండా వస్తుంది. "ఇంకో ఏడాదిలో 10కి వచ్చేస్తాను. సన్నగా, చిన్నగా ఉండే ఐరన్లు ఇప్పుడే తీసుకుంటే మళ్లీ కొనక్కర్లేదు." ఆశపడటంలో తప్పు లేదు. కానీ ఆ ఏడాది పొడవునా ఆడాల్సింది ఇప్పటి స్వింగ్‌తోనే కదా. చిన్న తల ఉన్న ఐరన్‌తో బంతి అర అంగుళం టో (క్లబ్ తల కొస) వైపు తగిలితే చేతులు జిల్లుమంటాయి, బంతి పది పదిహేను గజాల ముందే పడిపోతుంది. అలా నాలుగైదుసార్లు జరిగితే 5 ఐరన్ పట్టుకోవాలంటేనే టెన్షన్. ఆ భయంతో స్వింగ్‌ను మధ్యలో ఆపి బంతిని నెట్టడం అలవాటవుతుంది. రావాల్సిన మెరుగుదల అక్కడే ఆగిపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పొరపాటూ ఉంది. బాగా వెడల్పు సోల్ (తల అడుగు భాగం), పెద్ద ఆఫ్‌సెట్ (ఫేస్ క్లబ్ కర్ర కంటే వెనక్కి జరిగి ఉండటం) ఉన్న సూపర్ గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్లు మొదట్లో స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) తగ్గించి ఎంతో హాయిగా అనిపిస్తాయి. ఆరు నెలల పాఠాలతో మీ స్వింగ్ దారి సరయ్యాక అదే ఆఫ్‌సెట్ బంతిని ఎడమకు లాగడం మొదలుపెడుతుంది. వారానికి రెండుమూడుసార్లు ప్రాక్టీసు రేంజ్‌కు వెళ్లి, కోచ్ దగ్గర నేర్చుకుంటున్నవారికి అంత పెద్ద ఆఫ్‌సెట్ వద్దంటాను. ఎప్పుడో నెలకోసారి ఆడుతూ ఆటను ఆనందించాలనుకునేవారికి మాత్రం అవే సరైనవి.

కాబట్టి హ్యాండిక్యాప్ అంకె కంటే బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో చూడండి. మందుల షాపులో దొరికే, పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రేని 7 ఐరన్ ఫేస్ మీద పల్చగా కొట్టి పది బంతులు కొట్టండి. గుర్తులు ఫేస్ అంతా చెల్లాచెదురుగా ఉంటే గేమ్ ఇంప్రూవ్‌మెంట్ రకం (పక్కన తగిలినా ఎక్కువ నష్టం కానివ్వని పెద్ద తల ఉన్నవి) తీసుకోండి. ఎక్కువ భాగం ఒక రూపాయి బిళ్ల అంత చోట గుమిగూడితే, హ్యాండిక్యాప్ 18 ఉన్నా సరే, ప్లేయర్స్ డిస్టెన్స్ రకాన్ని (తల కాస్త చిన్నగా ఉన్నా దూరం ఇచ్చేవి) ధైర్యంగా పరీక్షించవచ్చు. గుర్తులు గుమిగూడినా మధ్యలో కాక టో దగ్గరో హీల్ (కర్ర వైపు అంచు) దగ్గరో ఉంటే, తప్పు స్వింగ్‌ది కాకుండా క్లబ్ పొడవుదో లై యాంగిల్‌దో (దీని సంగతి కింద చెప్పాను) కావచ్చు.

హ్యాండిక్యాప్ అంకెను ఎందుకు నమ్మొద్దంటున్నానంటే, 2020 నుంచి అమల్లో ఉన్న వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 రౌండ్లనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఆ అంకె మీ మంచి రోజులను చూపిస్తుంది. ఐరన్ల సాయం కావాల్సింది మిగిలిన 12 రౌండ్లలో.

బ్లేడ్, క్యావిటీ బ్యాక్ అంటారు. అసలు తేడా ఏమిటి?

బ్లేడ్‌లో లోహం బరువంతా ఫేస్ మధ్యభాగం వెనకే ఉంటుంది. మధ్యలో కొడితే ఆ స్పర్శ చాలా బాగుంటుంది. పక్కన తగిలితే తల మెలితిరిగి బంతి వేగం పోతుంది. క్యావిటీ బ్యాక్‌లో వెనక భాగాన్ని తొలిచి, ఆ బరువును అంచులకు, సోల్‌కు పంచుతారు. బరువు అంచుల్లో ఉంటే తల అంత తేలిగ్గా మెలితిరగదు, గురుత్వ కేంద్రం కిందికి జరగడంతో బంతి తేలిగ్గా లేస్తుంది.

ఈ ఆలోచనను గోల్ఫ్‌లో స్థిరపరిచినవారిలో ముఖ్యుడు పింగ్ కంపెనీ వ్యవస్థాపకుడు కార్స్టన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా పనిచేశాడు. తన పుటింగ్ (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించడం) బాగాలేదని 1959లో గరాజ్‌లో సొంతంగా ఒక పుటర్ తయారు చేసుకోవడంతో ఆ కంపెనీ మొదలైంది. 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్లతో అంచులకు బరువు పంచే పద్ధతి మామూలు ఆటగాళ్ల బ్యాగుల్లోకి బాగా చేరింది. ఇవాళ గేమ్ ఇంప్రూవ్‌మెంట్ పేరుతో అమ్మే ప్రతి ఐరన్ వెనకా ఆ లెక్కే ఉంది.

షాపులో కొత్త 7 ఐరన్‌తో నా పాత దానికంటే 15 గజాలు ఎక్కువ వెళ్లింది. కొనేయమంటారా?

ముందు రెండిటి లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలి ఉండే కోణం) ఎంతో అడగండి.

సోల్ మీద 7 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. టైటలిస్ట్ టీ100లో 7 ఐరన్ లాఫ్ట్ 34 డిగ్రీలు, టేలర్‌మేడ్ పీ790లో 30.5, పింగ్ జీ430లో 29. సెట్‌లో ఒక క్లబ్‌కూ పక్క క్లబ్‌కూ మధ్య సుమారు 4 డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి, టీ100 నుంచి జీ430కి మారినవారు 7 అనే అంకె కిందనే ఒకటికి పైగా క్లబ్ ఎక్కువ దూరం కొడతారు. ఇందులో మోసమేమీ లేదు. గురుత్వ కేంద్రం కిందికి దించితే బంతి మరీ ఎత్తుకు లేస్తుంది కాబట్టి లాఫ్ట్ తగ్గిస్తారు. కానీ ఆ 15 గజాలు మీ స్వింగ్ మెరుగవడం వల్ల వచ్చాయనుకుని డబ్బు పెట్టకండి.

పోల్చాలంటే అంకెను పక్కనపెట్టి లాఫ్ట్‌కు లాఫ్ట్ పోల్చాలి. కొత్త సెట్‌లోని 8 ఐరన్ లాఫ్ట్ మీ పాత 7 ఐరన్ లాఫ్ట్‌కు దగ్గరగా ఉంటే ఆ రెండిటినీ పక్కపక్కనే కొట్టి చూడండి.

అయితే లాఫ్ట్ తక్కువ ఉన్న ఐరన్లు మంచివి కావా?

బంతి మీ స్వింగ్ వేగానికి తగినంత ఎత్తు లేస్తే మంచివే. గ్రీన్ మీద బంతి ఆగాలంటే అది కిందికి దిగే కోణం నిటారుగా ఉండాలి. ఫిట్టింగ్ చేసేవారు (ఆటగాడి కొలతలకు తగిన క్లబ్బులు ఎంచేవారు) సాధారణంగా 45 డిగ్రీలో అంతకంటే ఎక్కువో కోరుకుంటారు. చాలాకాలంగా అందరూ వాడుతున్న ట్రాక్‌మన్ (బంతి ప్రయాణాన్ని కొలిచే యంత్రం) సగటుల ప్రకారం పీజీఏ టూర్‌లోని ప్రొఫెషనల్ ఆటగాళ్ల 7 ఐరన్ 172 గజాల క్యారీతో (గాల్లో వెళ్లే దూరం) వెళ్లి 50 డిగ్రీల కోణంలో దిగుతుంది. మన వేగం అంత ఉండదు. వేగం తక్కువ, లాఫ్ట్ కూడా తక్కువ అయితే బంతి కిందగా దూసుకెళ్లి, గ్రీన్ మీద పడి వెనక్కి దాటిపోతుంది. స్క్రీన్ మీద దూరం బాగా కనిపిస్తుంది కానీ కోర్సులో బంతి గ్రీన్ వెనక రఫ్‌లో (పొడవాటి గడ్డిలో) దొరుకుతుంది.

అందుకే లాంచ్ మానిటర్ (షాపులో షాట్‌ను కొలిచే యంత్రం) మీద మొత్తం దూరం చూడొద్దు. క్యారీ, ఎత్తు, దిగే కోణం చూడండి. ఆ తర్వాత పది షాట్లలో అన్నిటికంటే మంచి షాట్‌కూ, అన్నిటికంటే చెడ్డ షాట్‌కూ క్యారీలో తేడా ఎంతో చూడండి. ఒక సెట్ సగటున 150 గజాలు కొట్టి 120కి పడిపోతుంటే, ఇంకొకటి సగటున 145 కొట్టి 135 దాకా నిలబడుతుంటే, నేను కళ్లు మూసుకుని రెండోది తీసుకుంటాను. గ్రీన్ ముందరి బంకర్లన్నీ (ఇసుక గుంటలు) ఆ చెడ్డ షాట్ల కోసమే ఉన్నాయి.

షాఫ్ట్ (క్లబ్ కర్ర) స్టీల్‌దా, గ్రాఫైట్‌దా?

గ్రాఫైట్ అంటే ముసలివాళ్లకూ ఆడవాళ్లకూ అనే మాట మన క్లబ్బుల్లో ఇంకా వినిపిస్తోంది. దాన్ని పట్టించుకోకండి. ట్రూ టెంపర్ డైనమిక్ గోల్డ్ ఎస్300 లాంటి బరువైన స్టీల్ షాఫ్ట్ 130 గ్రాములుంటుంది. నిప్పన్ 950జీహెచ్ లాంటి తేలికపాటి స్టీల్ 100 గ్రాముల లోపే. గ్రాఫైట్‌లో 50 నుంచి 90 గ్రాములకు పైదాకా రకరకాల బరువులు దొరుకుతాయి. మోచేయి నొప్పి, మణికట్టు నొప్పి ఉన్నవారికి గ్రాఫైట్ నిజంగా మేలు, షాట్ సరిగా తగలనప్పుడు వచ్చే అదురు చాలా తగ్గుతుంది. రౌండ్ చివరి నాలుగైదు హోల్స్‌లో అలసిపోయి బంతి వెనక నేలను తవ్వుతున్నారంటే షాఫ్ట్ బరువు ఎక్కువైందేమో చూసుకోండి. మరీ తేలికైతే కొందరికి స్వింగ్‌లో క్లబ్ తల ఎక్కడుందో తెలియదు. ఇది కొట్టి చూస్తే తప్ప తేలే విషయం కాదు.

రెగ్యులర్ తీసుకోవాలా, స్టిఫ్ తీసుకోవాలా?

షాఫ్ట్ ఎంత వంగుతుందో (ఫ్లెక్స్) చెప్పే ఆ మాటకు పరిశ్రమలో ఒకే కొలమానం లేదు. ఒక కంపెనీ రెగ్యులర్ ఇంకో కంపెనీ స్టిఫ్ అంత గట్టిగా ఉండొచ్చు. బరువు ముందు తేల్చుకోండి, ఫ్లెక్స్ తర్వాత. ఏది పట్టుకుంటే బంతి ఫేస్ మధ్యలో ఎక్కువసార్లు తగులుతోందో అదే మీది, పక్కనున్న స్నేహితుడు ఏది వాడుతున్నా సరే.

లై యాంగిల్ అంటే ఏమిటి? అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

క్లబ్‌ను నేల మీద ఆనించినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం లై యాంగిల్. బంతిని కొట్టే క్షణంలో టో పైకి లేచి ఉంటే, కుడిచేతి ఆటగాడికి ఫేస్ ఎడమ వైపు చూస్తుంది. హీల్ లేచి ఉంటే కుడి వైపు. లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్బుల్లో ఈ ప్రభావం ఇంకా ఎక్కువ, అందుకే కొందరికి 6 ఐరన్ నేరుగా వెళ్లి 9 ఐరన్ మాత్రం ఎడమకు వెళ్తుంది. దాన్ని సరిచేయడానికి తెలియకుండానే స్వింగ్ మార్చుకుంటారు, ఆ మార్పు డ్రైవర్‌ను కూడా పాడుచేస్తుంది.

షాపుల్లో దొరికే స్టాండర్డ్ సెట్లు దాదాపు అమెరికా మగవారి సగటు ఎత్తును, అంటే 5 అడుగుల 9 అంగుళాలను, మనసులో పెట్టుకుని చేసినవి. 5 అడుగుల 5 అంగుళాలున్న మనిషి వాటిని పట్టుకుంటే చాలాసార్లు టో లేస్తుంది. అయితే ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. చేతులు పొట్టిగా ఉన్న పొట్టి మనిషికీ, చేతులు పొడవుగా ఉన్న పొడవు మనిషికీ మణికట్టు నేల నుంచి దాదాపు ఒకే ఎత్తులో ఉండొచ్చు. అందుకే ఫిట్టర్ మణికట్టు నుంచి నేల దాకా కొలుస్తారు. ఆ తర్వాత బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ఫేస్‌కు ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టమంటారు. ఫేస్ మీద పడిన గీత నిటారుగా ఉంటే సరిపోయినట్టు, వాలితే క్లబ్ లైని వంచి సరిచేయాల్సినట్టు.

పింగ్ కంపెనీ ఐరన్లకు రంగు చుక్కలు పెట్టేది దీనికోసమే. నలుపు స్టాండర్డ్, నీలం, ఆకుపచ్చ వైపు వెళ్తే మరింత నిటారు, ఎరుపు, నారింజ వైపు వెళ్తే మరింత వాలు. సెకండ్ హ్యాండ్‌లో పింగ్ కొనేవారు ముందు ఆ చుక్క రంగు చూడాలి.

ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా లోహాన్ని కొట్టి మలిచిన) ఐరన్లు ఆటను మెరుగుపరుస్తాయా?

స్పర్శ మృదువుగా ఉంటుంది, కార్బన్ స్టీల్ కాబట్టి లై, లాఫ్ట్ వంచడం తేలిక. మిజునో జపాన్‌లోని హిరోషిమాలో చేయించే ఫోర్జింగ్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. కానీ సరిగా తగలని షాట్‌ను క్షమించే గుణం తల ఆకారం నుంచి వస్తుంది, తయారీ పద్ధతి నుంచి రాదు. పోత పోసిన క్యావిటీ బ్యాక్, ఫోర్జ్‌డ్ బ్లేడ్ రెండిట్లో మన స్థాయికి మొదటిదే మేలు.

సెట్‌లో ఎన్ని ఐరన్లు తీసుకోవాలి? 4 ఐరన్ అవసరమా?

మన స్థాయిలో ఎక్కువమందికి అవసరం లేదు. చాలామందికి 5 కూడా అవసరం లేదు. పరీక్ష సులువు: 5 ఐరన్, 6 ఐరన్ చెరి పది బంతులు కొట్టండి. రెండిటి సగటు క్యారీలో తేడా 7, 8 గజాల కంటే తక్కువుంటే ఆ 5 ఐరన్ బ్యాగులో బరువే. దాని స్థానంలో హైబ్రిడ్‌నో 7 వుడ్‌నో (బంతిని తేలిగ్గా లేపే క్లబ్బులు) పెట్టండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి పతకాన్ని కొద్దిలో పోగొట్టుకున్న మన దేశ గోల్ఫర్ అదితి అశోక్ ఆ పోటీలో అందరికంటే తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఒకరు. దూరం నుంచి గ్రీన్‌కు చేరడానికి ఏ క్లబ్ వాడారన్నది స్కోర్ కార్డు మీద ఎవరూ రాయరు.

పై ఐరన్లు వదిలేసి మిగిలిన డబ్బు కింది వైపు, అంటే వెడ్జ్‌ల (లాఫ్ట్ ఎక్కువుండే, దగ్గరి షాట్ల క్లబ్బుల) మీద పెట్టాలి. జీ430 లాంటి సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 41 డిగ్రీలే ఉంటుంది. మీ శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 15 డిగ్రీల ఖాళీ. 100 గజాల చుట్టుపక్కల ఏ క్లబ్ తీయాలో తెలియక సగం స్వింగులు కొట్టేది ఈ ఖాళీ వల్లే. 46, 51 దగ్గర రెండు వెడ్జ్‌లు చేర్చితే అది నిండుతుంది. బ్యాగులో 14 క్లబ్బులకు మించకూడదన్న నియమం గుర్తుంచుకుని లెక్క వేసుకోండి.

మన కోర్సుల్లో నేల గట్టిగా ఉంటుంది కదా, దాన్ని బట్టి ఏమైనా మారుతుందా?

మారుతుంది. అమెరికా, బ్రిటన్ రివ్యూలు చూసి కొనేవారు దీన్ని మర్చిపోతారు. ఎండాకాలంలో మన ఫెయిర్‌వేల (గడ్డి కత్తిరించి ఉంచే ఆట దారుల) కింద నేల రాయిలా ఉంటుంది. బాగా వెడల్పు సోల్, ఎక్కువ బౌన్స్ (సోల్ నేలలో దిగబడకుండా ఉండే కోణం) ఉన్న ఐరన్ అలాంటి నేల మీద పడి ఎగిరితే అంచు బంతి నడుముకు తగిలి కిందగా దూసుకుపోయే థిన్ షాట్ వస్తుంది. అదే వానాకాలంలో మెత్తటి నేల మీద ఆ వెడల్పు సోలే లోపలికి దిగబడకుండా కాపాడుతుంది. ఏడాదంతా ఆడేవారు మధ్యరకం వెడల్పు తీసుకుని, ముందు అంచు కొద్దిగా గుండ్రంగా మలిచినది చూసుకుంటే మంచిది.

ఇంకో చిన్న విషయం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. విశాఖతో పోలిస్తే బంతి సుమారు 2 శాతం ఎక్కువ వెళ్తుంది, 150 గజాల షాట్‌లో 3 గజాలు. దీనికోసం ఐరన్లు మార్చక్కర్లేదు, క్లబ్ ఎంచుకునేటప్పుడు గుర్తుంటే చాలు.

అమెరికాలో ఉన్న మా అన్నయ్యతో తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, కానీ కొలతలు ముందు ఇక్కడ తీయించుకోండి. పొడవు, లై, షాఫ్ట్ పేరు, బరువు, ఫ్లెక్స్, గ్రిప్ సైజు ఒక కాగితం మీద రాసి పంపితే అక్కడ ఆ లెక్క ప్రకారం ఆర్డర్ ఇవ్వచ్చు. "మంచి సెట్ ఏదో ఒకటి తీసుకురా" అంటే అన్నయ్య ఎత్తుకు సరిపోయేది వస్తుంది. కస్టమ్స్ సుంకం, విమానంలో బ్యాగేజీ ఖర్చు ముందే కనుక్కుని, ఇక్కడి అధీకృత డీలర్ ధరతో పోల్చి చూడండి. కొన్నిసార్లు మిగిలేది చాలా తక్కువ, వారంటీ ఇబ్బంది మాత్రం ఎక్కువ.

మీరే సెలవుల్లో అటు వెళ్తుంటే ఇంకా మంచిది, ఫిట్టింగ్ అక్కడే చేయించుకోవచ్చు. 2022లో పీజీఏ ఆఫ్ అమెరికా (అక్కడి ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోకు మారింది. తెలుగు కుటుంబాలు ఇన్ని ఉన్న ఊళ్లోనే ఇంత పెద్ద గోల్ఫ్ కేంద్రం రావడం నాకు చాలా సంతోషంగా అనిపించే విషయం.

సెకండ్ హ్యాండ్ సెట్ కొంటే తప్పా?

అస్సలు కాదు. మూడు నాలుగేళ్ల నాటి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్‌కూ ఈ ఏడాది సెట్‌కూ మన స్కోరులో కనిపించేంత తేడా ఉండదు. గ్రూవ్‌లు (ఫేస్ మీది గాళ్లు) అరిగాయేమో గోరుతో తాకి చూడండి, ముఖ్యంగా 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్‌లవి. స్టీల్ షాఫ్ట్‌ల మీద తుప్పు, గ్రాఫైట్ మీద గీతలు చూడండి. అన్నిటికీ ఒకే షాఫ్ట్ ఉందో లేదో చూడండి. హోజెల్ (షాఫ్ట్ తలలోకి దిగే చోటు) మీది సీరియల్ నంబర్‌తో అసలు ఏ కొలతలతో తయారైందో కొన్ని కంపెనీలు చెబుతాయి, పింగ్ వాటిలో ఒకటి. కొత్త మోడల్ సగానికి సగం ధరకు, ప్లాస్టిక్ కూడా తీయకుండా ఆన్‌లైన్‌లో కనిపిస్తే నకిలీదని అనుమానించండి. నకిలీ తలల బరువు, లాఫ్ట్ ఒక్కో క్లబ్‌కు ఒక్కోలా ఉంటాయి. వాటితో నేర్చుకున్న ఆట మళ్లీ మొదటినుంచి సరిచేసుకోవాల్సి వస్తుంది.

2010కి ముందు తయారైన ఐరన్ల గ్రూవ్‌ల గురించి కొందరు భయపడతారు. ఆ రోజుల్లోని నిబంధనలకు సరిపోయినవైతే మామూలు క్లబ్ ఆటలో వాడుకోవచ్చు. కొత్త గ్రూవ్ నిబంధనను పాత క్లబ్బులకు కూడా వర్తింపజేసేది పెద్ద స్థాయి పోటీల్లోనే.

గ్రిప్ సంగతి?

చేతులు పెద్దవైతే మిడ్‌సైజ్ అడగండి. మన ఎండకూ చెమటకూ గ్రిప్ త్వరగా జారుడవుతుంది, ఏడాదికోసారి మార్చండి. కొత్త ఐరన్లు కొనాలన్న కోరిక కొంతమందికి కొత్త గ్రిప్‌లతోనే తీరిపోతుంది.

ఫిట్టింగ్‌కు వెళ్లేటప్పుడు ఏం చేయాలి?

మీ పాత 7 ఐరన్ తీసుకెళ్లండి. అది లేకుండా పోల్చడానికి ఏమీ ఉండదు. రౌండ్ ఆడి అలసిపోయి వెళ్లకండి. ఎవరో చూస్తున్నారని గట్టిగా కొట్టకండి, మీ రోజువారీ స్వింగ్‌కే క్లబ్ కావాలి. వీలైతే గడ్డి మీద కొట్టే చోటికి వెళ్లండి. మ్యాట్ మీద క్లబ్ బంతి వెనక రెండు అంగుళాల దూరంలో పడినా జారి బంతిని చేరుతుంది, ఫ్యాట్ షాట్ కూడా మంచి షాట్‌లా కనిపిస్తుంది. రేంజ్ బంతులు మామూలు బంతుల కంటే తక్కువ దూరం వెళ్తాయి కాబట్టి అన్ని సెట్లనూ ఒకే రకం బంతులతో పోల్చాలి. ఆరో ఏడో సెట్ దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు అలసి అంకెలు తప్పు చెబుతాయి, అందుకే రెండు మూడు సెట్లకు మించి ఒక రోజు చూడకండి.

చివరికి రెండు సెట్లు సమానంగా నిలిస్తే, అడ్రస్‌లో (కొట్టబోయే ముందు బంతి దగ్గర) నిలబడి పైనుంచి చూసినప్పుడు ఏది మీకు నమ్మకం కలిగిస్తోందో అది తీసుకోండి.

కొన్నాక మొదట ఏం చేయాలి?

పిచింగ్ వెడ్జ్ నుంచి పై క్లబ్ దాకా ఒక్కోదానితో పదేసి బంతులు కొట్టి, క్యారీ సగటు రాసుకోండి. మంచి షాట్లను మాత్రమే ఏరుకోవద్దు, అన్నీ కలపండి. ఆ అంకెలు చిన్న కాగితం మీద రాసి బ్యాగు జేబులో పెట్టుకోండి. రెండు నెలల తర్వాత లై, లాఫ్ట్ మళ్లీ కొలిపించండి. గట్టి నేల మీద, మ్యాట్ల మీద రోజూ కొట్టేవారికి, ముఖ్యంగా ఫోర్జ్‌డ్ సెట్ ఉన్నవారికి, ఒకటి రెండు క్లబ్బులు కాస్త కదిలి ఉంటాయి. వంచి సరిచేయడం క్లబ్ రిపేర్ తెలిసినవారికి కొద్ది నిమిషాల పని.